బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది? వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట, జోగులాంబ గద్వాల జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక ఊళ్లో మహిళా సంఘాల పుస్తకాలు రాస్తాను. డాక్టరును కాను, నర్సును కాను. పొదుపు, అప్పు, వాయిదా, వడ్డీ, ఇవే నా లెక్కలు. అప్పు ఇచ్చేటప్పుడు పుస్తకంలో ‘దేనికోసం’ అని ఒక గడి నింపాలి. గేదె, కిరాణా కొట్టు, కుట్టుమిషను, పిల్లల ఫీజు అని రాస్తాం. వాటి మధ్య ‘ఆరోగ్యం’ అని రాసిన గడులు కనిపిస్తాయి. ఆ ఒక్క మాట కింద ఏం దాచామో రాసిన నాకు తెలుసు, రాయించిన ఆమెకు తెలుసు. ఈ లేఖ ఆ గడుల గురించే, గర్భం రాకుండా వాడే సాధనాలు మా అమ్మాయిల చేతికి అందకపోవడం గురించే.

ప్రజావాణిలో రెండు సోమవారాలు వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాను. మొదటిసారి రసీదు చేతికిచ్చారు. రెండోసారి ఫోనుకు సందేశం వచ్చింది. కుటుంబ నియంత్రణ సాధనాలన్నీ ఆరోగ్య కేంద్రాల్లో నిల్వ ఉన్నాయట, కాబట్టి అర్జీ పరిష్కారమైందట. నిల్వ లేదని నేను రాయలేదు. నిల్వ ఉన్నది ఇరవై ఏళ్ల అమ్మాయి చేతికి రావడం లేదని రాశాను. చదివినవారు ఎవరో గానీ రెండో పేజీ తిప్పినట్టు లేదు. అది ఏ ఆఫీసో, మాది ఏ మండలమో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ముందుగా మెమో అందేది మా ఏఎన్‌ఎంకే, అంటే సబ్‌సెంటర్ నర్సమ్మకే. ఇందులో అందరికంటే తక్కువ తప్పు ఆమెది.

మీ శాఖ చేసిన పని తెలియక రాస్తున్నది కాదు ఇది. ప్రభుత్వ కార్యక్రమంగా కుటుంబ నియంత్రణను 1952లోనే మొదలుపెట్టిన తొలి దేశం మనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. ఆధునిక పద్ధతుల వాడకం దేశంలో 56.5 శాతం, మన రాష్ట్రం దానికంటే ముందుంది. సమీక్షా సమావేశంలో ఈ అంకె వేసి చూపిస్తే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. కానీ దాన్ని ఒక్కసారి విప్పి చూడండి. మన దగ్గర పెళ్లయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 37.9. ఆపరేషన్లు తీసేస్తే మాత్రలు, కాపర్‌టీ, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా మిగిలేది చిటికెడు.

మా అమ్మాయిలకు ఉన్నవి రెండే దారులు. ఏమీ వాడకుండా ఉండడం, లేదా ఆపరేషన్ బల్ల ఎక్కడం. పెళ్లికీ ఆ బల్లకూ మధ్య ఉన్న నాలుగైదేళ్లలో ఆమె ఏం చేయాలో చెప్పేది అత్తగారు, భర్త, మూలమలుపు మెడికల్ షాపు. మీరు ఆ లెక్కలో ఎక్కడా లేరు.

మా సబ్‌సెంటర్‌లో ఒక ఇనుప బీరువా ఉంది. ఆకుపచ్చ రంగు, తలుపు సగం వేస్తే కిర్రుమంటుంది. పై అరలో రిజిస్టర్లు, మధ్య అరలో ఐరన్ మాత్రలు, కింది అరలో ఒక అట్టపెట్టె. అందులో గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్, ఛాయా మాత్రలు, నిరోధ్ ప్యాకెట్లు. తాళంచెవి ఏఎన్‌ఎం చేతిసంచిలో ఉంటుంది. ఆమెకు బుధ, శనివారాలు టీకాలు. మిగతా రోజుల్లో మూడు ఊళ్లు, రెండు తండాలు, అవయ్యాక ఫోనులో యాప్‌లు నింపడం. ఛాయా కావాలనుకున్న అమ్మాయి టీకాల రోజున అంగన్‌వాడీ వరండాలో, మనవడిని ఎత్తుకున్న అత్తగారి పక్కన నిలబడి, ఇరవై మంది వింటుండగా అడగాలి. అడగదు. మండలం ఆసుపత్రిలోనైతే ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కనే నిరోధ్ పెట్టె గోడకు వేలాడుతుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని దాని మీద రాశారు. చీటీల వరుస మొత్తం దాని వైపే చూస్తూ కదులుతుంది. ఆ పెట్టెలో చేయి పెట్టిన మగవాడిని నేనింతవరకూ చూడలేదు. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీనివల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి మీ రిజిస్టర్లలో చోటు లేదు. పెళ్లయిన మూడో నెల నుంచే ‘ఏమైనా విశేషమా’ అని ఊరంతా అడుగుతుంది. ఆశా కార్యకర్త గడప తొక్కేది మాత్రం నెల తప్పాకే. పిల్లలు ఎక్కువగా పుట్టే ఏడు రాష్ట్రాల్లో 2016లో కేంద్రం మిషన్ పరివార్ వికాస్ అనే పథకం మొదలుపెట్టింది. అక్కడ కొత్త దంపతులకు సాధనాలు, సమాచారం ఉన్న సంచి ఇస్తారు. మనది తక్కువ కనే రాష్ట్రం గనుక ఆ జాబితాలో మనం లేము. తక్కువమందిని కనడం వేరు, ఎప్పుడు కనాలో తానే అనుకుని కనడం వేరు. మన సమీక్షలు మొదటిదాన్నే చూస్తున్నాయి.

ఇంకొక మాట, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. అదే సర్వేలో 20–24 ఏళ్ల తెలంగాణ స్త్రీలలో దాదాపు నాలుగో వంతు మందికి 18 నిండకముందే పెళ్లయింది. అలాంటి పిల్లను ఇంటివాళ్లు కేసవుతుందన్న భయంతో ఆశా కంట పడనివ్వరు. చట్టం ఆమెను కాపాడడానికే వచ్చింది, కానీ ఆమె చివరికి చేరేది ఆర్‌ఎంపీ దగ్గరికి. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, వివరాలు రాయనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఆ సంగతి మీ ఆరోగ్య కేంద్రాల్లో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

2. పోయిన ఏడాది మా సంఘం సభ్యురాలి కోడలు, ఇంటర్ చదివిన పిల్ల, తొమ్మిదో నెల బిడ్డను చంకనేసుకుని వాయిదా కట్టడానికి వచ్చింది. అత్తగారిది వేలిముద్ర, ఈమెది గుండ్రటి అక్షరాల సంతకం. డబ్బు లెక్క చూసుకున్నాక గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. “అక్కా, పాలిచ్చినన్నాళ్లూ కడుపు నిలవదంటారు కదా?” అని అడిగింది. అప్పటికే రెండు నెలలు తప్పింది.

పాలిచ్చే తల్లికి ఆ రక్షణ కొంత నిజమే. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, బహిష్టు తిరిగి రాకూడదు. మూడూ ఉంటేనే. ఆమె బిడ్డకు అన్నప్రాశన ఘనంగా చేశారు, ముప్పై మంది చుట్టాలు వచ్చారు. ఈ రోజు నుంచి ఆ రక్షణ ఉండదమ్మా అని చెప్పే మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు. టీకాలకు బిడ్డను చూసినవారు తల్లిని చూడలేదు. పాలిచ్చే తల్లి ఛాయా వేసుకోవచ్చు, కాపర్‌టీ వేయించుకోవచ్చు. మాలా-ఎన్ అయితే ఆరు నెలలు నిండాకే. ఈ తేడా మా ఊళ్లో నాతో కలిపి ఇద్దరికి తెలుసు, ఆ రెండో ఆమె ఏఎన్‌ఎం.

మీ గోడల మీద బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉండాలని రాసి ఉంటుంది. ఆమెకు పదహారు నెలలు కూడా లేదు. కాన్పు ముందు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మా పుస్తకంలో ‘ఆరోగ్యం’ అని రాశాను. రెండోదీ ఆడపిల్లే. ఇప్పుడు ఆ ఇంట్లో మూడో దాని గురించి మాట్లాడుకుంటున్నారు.

3. భయాలు. వీటిని మీరు మూఢనమ్మకాలని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. కాపర్‌టీ గుండెకు పాకుతుందన్న మాట అబద్ధమే. కానీ మొదటి మూడు నెలలు రక్తస్రావం, కడుపునొప్పి ఎక్కువగా ఉండవచ్చన్నది నిజం. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో బహిష్టు తప్పిపోవచ్చన్నది నిజం. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుందన్నదీ నిజమే. ఈ నిజాలు ముందుగా చెప్పరు. బహిష్టు రాని అమ్మాయి ఇంట్లో ‘చెడురక్తం లోపలే గడ్డకడుతోంది’ అంటారు. ఆమె రెండో ఇంజెక్షన్‌కు రాదు. మీ రిజిస్టరులో ‘నిరాకరించింది’ అని పడుతుంది. ఆమె నిరాకరించలేదు, భయపడింది. ఆ భయం తీర్చడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరి పని అన్నదే తేలలేదు.

ఛాయా సంగతి చూడండి. లక్నోలోని మన పరిశోధన సంస్థ తయారుచేసిన మందు, హార్మోను లేనిది, 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి వేసుకోవాలి. ‘వారం మాత్ర’ అన్న పేరు విని మొదటి నుంచీ ఒక్కటే వేసుకున్నవారు మా దగ్గరున్నారు. వారిలో ఒకామె నెల తప్పింది. ఇక ఆ వీధిలో ఛాయా పేరెత్తితే నవ్వుతారు.

కాన్పయిన 48 గంటల్లో వేసే కాపర్‌టీ మంచి పద్ధతే. కానీ పురిటినొప్పుల మధ్య అడిగి, తల ఊపిందని వేయడాన్ని అంగీకారం అనకండి. అడగాల్సింది ఏడో నెలలో, పరీక్షలకు వచ్చినప్పుడు. అలా వేసిన వాటిని తీయించుకోవడానికి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినవారి అప్పు కూడా నా పుస్తకంలో ఉంది. తీయమని ప్రభుత్వ ఆసుపత్రికి వస్తే “మీ ఆయనను తీసుకురా” అన్నారట. ఆపరేషన్‌కే భర్త అంగీకారం అవసరం లేదని కేంద్ర ప్రమాణాలు చెబుతున్నాయి. కాపర్‌టీ తీయడానికి ఆయన ఎందుకు?

4. వలస. పాలమూరు నుంచి, మా దేవరకొండ తండాల నుంచి ముంబయి, పుణె, భివండి వెళ్లేవారి గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. భర్త దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి వస్తాడు. రెండు వారాల కోసం ఏడాదంతా రోజూ మాత్ర వేసుకోమంటే ఎవరు వేసుకుంటారు? అతను వచ్చే ముందు ఆమె చేతిలో ఏదైనా ఉండాలి. ఉండదు. ఇద్దరూ కలిసి వెళ్తే ఇంకో చిక్కు. అంతర మూడు నెలలకోసారి. తేదీ వచ్చేసరికి ఆమె పుణెలో ఇటుకలు మోస్తుంటుంది. గడువుకు రెండు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత వరకూ వేయించుకోవచ్చని, ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా అడగవచ్చని ఆమెకు చెప్పినవారు లేరు. కార్డు ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది.

5. ఆపరేషన్. మేము హైదరాబాద్ వెళ్లే బస్సు ఇబ్రహీంపట్నం మీదుగానే వెళ్తుంది. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరంలో పది మందికి పైగా స్త్రీలు చనిపోయాక సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఎత్తేయమని చెప్పింది. లెక్క వేసుకోండి, ఇబ్రహీంపట్నం నాటికి ఆ గడువు దాటి ఎన్నేళ్లయిందో. బస్సు ఆ ఊరి స్టాపులో ఆగినప్పుడు మా ఆడవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం మాటలు ఆపుతారు.

ఆపరేషన్ వద్దని నేననడం లేదు. ముప్పై ఏళ్ల మనిషి ఆలోచించుకుని చేయించుకుంటే అది ఆమె ఇష్టం. ఇరవై రెండేళ్లకు, ఇంకే దారీ చూపించకుండా చేయిస్తే దాన్ని ఇష్టమనలేం. ఇద్దరు పిల్లల్లో ఒకరు జ్వరంతో పోయాక మళ్లీ నాళాలు అతికించుకోవడానికి నగరంలో ప్రైవేటు ఆసుపత్రికి తిరిగిన జంట ఒకటి మా ఊళ్లోనే ఉంది. అప్పు తీరలేదు, కడుపూ పండలేదు.

మగవారి ఆపరేషన్ ఇంతకంటే తేలిక. కోత లేదు, కుట్టు లేదు, కొన్ని నిమిషాల పని. మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త తీసుకోవాలి. అయినా దేశంలో నూటికి 0.3 మందే. అత్యవసర పరిస్థితి రోజుల్లో మగవారిని వెంటపడి పట్టుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వాలు వారి జోలికి అంతగా పోలేదు, మొత్తం భారం ఆడవాళ్ల మీదికి తిరిగింది. ‘బరువు పని చేయలేడు’ అన్న మాట మా ఊళ్లో శాసనం. కాన్పయిన నెలకే బరువు పనికి వెళ్లే ఆమె గురించి ఆ శాసనంలో ఏమీ లేదు.

6. మెడికల్ షాపు. గర్భం రాకుండా 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర చీటీ లేకుండా దొరుకుతుంది, దొరకాలి కూడా. కానీ దాంతో పాటే డాక్టరు చీటీ ఉండాల్సిన గర్భస్రావం మాత్రలూ కౌంటరు కింద నుంచి వస్తున్నాయి. మా ఊళ్లో ఒక అమ్మాయి వాటిని వేసుకుని మూడు రోజులు రక్తం పోతుంటే పత్తి చేనుకే వెళ్లింది. అడిగితే ఇంట్లో ఏమని చెప్పను అంది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత వాడిన పద్ధతి విఫలమై గర్భం వచ్చిందని చెప్పే హక్కు పెళ్లికాని స్త్రీకి కూడా ఉంది. మన ఆసుపత్రిలో ఆమెను మొదట అడిగేది మాత్రం ‘మీ ఆయన పేరేమిటి’ అని. డిగ్రీ కాలేజీ పిల్లలు, హాస్టల్ పిల్లలు ఆ ప్రశ్న దగ్గరే వెనక్కి తిరుగుతారు.

ఇక మేము అడిగేవి.

ఒకటి. వారానికి ఒక మధ్యాహ్నం, టీకాల రోజు కాకుండా, ప్రతి పల్లె దవాఖానలో తలుపు వేసి మాట్లాడే సమయం ఇవ్వండి. పెళ్లయిందా, ఎంతమంది పిల్లలు అని అడగడంతో మొదలుపెట్టవద్దు. అత్తగారు బయట బెంచీ మీద కూర్చోవాలి.

రెండు. 2011లో కేంద్రం ఆశాల ద్వారా సాధనాలను ఇంటికే పంపే పథకం పెట్టింది. రూపాయికి మూడు నిరోధ్‌లు, రూపాయికి నెల మాత్రలు, రెండు రూపాయలకు అత్యవసర మాత్ర. ఆ పథకం మా ఊరికి వచ్చే దారిలో ఎక్కడ దిగిపోయిందో తెలుసుకుని మళ్లీ ఎక్కించండి. ఆశాకు చేతినిండా పని ఉందంటే మాకు అప్పగించండి. సంఘానికి ప్రతి ఇంటి ఆడమనిషీ వస్తుంది, ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు. మాత్రలు ఎవరు వేసుకోకూడదో చూడడం ఏఎన్‌ఎం పని, ఆమె చూశాక నెలనెలా అందించడం మేము చేయగలం. లక్షల రూపాయల లెక్క తప్పకుండా రాస్తున్న చేతులు మాత్రల లెక్క రాయలేవా?

మూడు. ఆపరేషన్ల సంఖ్యతో ఆరోగ్య కేంద్రాల పనితీరు కొలవడం ఆపండి. లక్ష్యాల పద్ధతిని 1996 ఏప్రిల్‌లోనే తీసేశారు. ఇప్పుడు ‘ఆశించిన సాధన’ అని పేరు మార్చి అదే అంకెను కిందికి పంపుతున్నారు. దాని బదులు 25 ఏళ్లలోపు స్త్రీలలో ఎంతమంది ఎడం కోసం ఏదైనా పద్ధతి మొదలుపెట్టారు, ఏడాది తర్వాత ఎంతమంది కొనసాగిస్తున్నారు, మానేసినవారు ఎందుకు మానేశారు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు రాసే గడి ఒకటి కొత్తగా పెట్టండి.

నాలుగు. దసరాకు, ఉగాదికి పది రోజుల ముందు వలస ఊళ్లకు, తండాలకు మనుషుల్ని పంపండి, మగ కార్యకర్తలను కూడా. అంతర కార్డు వెనుక గడువు వివరం తెలుగులోనూ మరాఠీలోనూ అచ్చువేయండి.

ఐదు. మగవారి ఆపరేషన్‌కు ప్రతి ఏరియా ఆసుపత్రిలో నెలకు ఒక రోజు ఖాయం చేసి, ఆ రోజు ఏదో గ్రామ పంచాయతీ బోర్డు మీద రాయించండి.

జవాబు ఫోను సందేశంగా వద్దు, కాగితం మీద ఇవ్వండి. వచ్చే నెల గ్రామ సంఘం సమావేశంలో చదివి వినిపించి, అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని మినిట్స్ పుస్తకంలో అంటిస్తాను. రాకపోతే రాలేదని కూడా అందులోనే రాస్తాం.

మా సంఘం గదిలోనూ ఒక బీరువా ఉంది. దాని కింది అరలోని గేదెల బీమా కాగితాలు తీసి పై అరలో సర్ది, ఆ అర ఖాళీ చేసి పెట్టాం.

ఇట్లు,
గ్రామ సంఘం పుస్తకాలు రాసే ఒక మహిళ,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా